బండి కడిగిన గంట

మా గ్రంథాలయంలో పాత పత్రికల బైండ్లు ఉంచిన గది ఒకటుంది. సైన్యం నుంచి వచ్చేశాక నా సాయంత్రాలు చాలావరకు ఆ గదిలోనే గడిచాయి. నేను బడిలో ఏడో తరగతి దాటలేదు. తక్కిన చదువంతా ఆ గదిలోని పొడవాటి బల్ల ముందు, పక్కన నిఘంటువు పెట్టుకుని చదువుకున్నదే. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కాస్త గర్వం కూడా ఉంది.

అరవై తొమ్మిది ఎండాకాలపు బైండులో ఒక చిన్న వార్త ఉంది. తార్నాకలో ఒక సాయంత్రం జరిగిన కాల్పుల గురించి. కాల్పులు వద్దన్న ఆజ్ఞాపత్రంతో సైనిక దూత వేళకే బయలుదేరాడనీ, దారులు మూసుకుపోయి చేరడం ఆలస్యమైందనీ అందులో రాశారు.

ఆ దూతను నేనే. నేను వేళకు బయలుదేరలేదు.

నిరుడు ఒకావిడ ఆ గదికి వచ్చి అదే బైండు అడిగింది. రిటైరైన టీచరు. పేరు సులోచన. నా ఎదురుగానే కూర్చుని ఆ వార్తను వేలు పెట్టి చదివి, నోట్‌బుక్కులో ఎక్కించుకుంది. 'వేళకే' అన్న మాట కూడా ఎక్కించింది. ఆ రోజు చనిపోయినవాళ్లలో ఒకడు ఆమె అన్న. నేను లేచి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వస్తే అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "నాకు చెప్తే ఏమైతది? రాయుండ్రి. ఈ బైండు పక్కన పెట్టిద్దాం," అంది.

అందుకే ఇది రాస్తున్నాను. అచ్చులో ఒక అబద్ధం ఉన్నంతకాలం దాని పక్కన ఈ కాగితాలు ఉండాలి.

*

మేము యూనివర్సిటీ ఆవరణలో దిగింది ఎండలు ముదిరిన రోజుల్లో, పగలు పదకొండున్నరకు. మూడు ట్రక్కులు, రెండు ప్లాటూన్ల జవాన్లు, ఒక మోటారు సైకిలు. మోటారు సైకిలు నాది. అంటే సర్కారుది, నడిపేది నేను. మూడు వందల యాభై సీసీ, ముదురాకుపచ్చ రంగు, పెట్రోలు ట్యాంకు మీద తెల్ల అంకెలు. ఉత్తరాలు మోసే రైడర్ని. తలకు ఇనుప టోపీ, కళ్లకు దుమ్ము అద్దాలు, భుజాన తోలు సంచి, నడుముకు రివాల్వరు, ఆరు తూటాలు.

కంటోన్మెంటు నుంచి వస్తుండగా తార్నాక దగ్గరే మొదటి రాళ్లు పడ్డాయి. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరు ఊరంతా రోడ్డు మీద ఉన్న రోజులవి. ముందు ట్రక్కులో వంటవాడు తల బయటికి పెట్టి చూశాడు. రాయి అతని చెవిని తమ్మె నుంచి పైదాకా చీల్చింది. అతను అరవలేదు. చెవి పట్టుకుని చూసుకుని, "కూరలోకి పనికొస్తదా?" అన్నాడు. అందరూ నవ్వారు. అతని చొక్కా మోచేయి దాకా ఎర్రగా తడిసింది.

ఖాళీ చేసిన ఒక హాస్టలు భోజనశాల మాకు బస. వేప చెట్ల కింద గుడారాలు. చుట్టూ బండరాళ్లు. ఎండకు అవి పొద్దు వాలిన తర్వాత కూడా సెగ కక్కేవి. నీళ్లకు రోజూ ఒక్క ట్యాంకరు. తాగడానికి, వంటకు తప్ప చుక్క వాడకూడదు.

మేజరు నన్ను పిలిచి ఆజ్ఞలు చెప్పాడు. ఆవరణకు, తార్నాక చౌరస్తాలో బయటి నుంచి వచ్చి కాపలా ఉన్న సాయుధ దళానికి మధ్య వైర్లెస్ కలవడం లేదు. వాళ్ల సెట్లు వేరు, మావి వేరు. కనుక రెండు గంటలకోసారి ఉత్తరాలు నేను మోయాలి. దారిలో ఆగకూడదు. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. డ్యూటీ వేళల్లో బండి భాగాలు విప్పకూడదు. తుడవచ్చు, కడగవచ్చు, అంతే. కవరు మీద ఎర్ర గీత ఉంటే పది నిమిషాల్లో చేరాలి.

"అర్థమైందా?"

"అయింది సార్."

అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. బండి విప్పకూడదన్న ఆజ్ఞ నాకు తెలుసు.

*

రోజూ ఉదయం ఆరున్నరకు బండి తనిఖీ. చేసేది సుబేదారు. చిత్తూరు వైపు మనిషి, మీసం నెరిసింది, రెండు యుద్ధాలు చూసినవాడు. ఆయన జేబులో ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు ఉండేది. దాన్ని వేలికి చుట్టి మడ్‌గార్డు లోపల, సీటు కింద, చైను పక్కన తుడిచి వెలుతురుకు పట్టి చూసేవాడు. రుమాలుకు నలుపంటితే ఎండలో బండిని తోసుకుంటూ మైదానం చుట్టూ పది సార్లు.

"చూడప్పా," అనేవాడు, "ఊరంతా మన మీద రాళ్లేస్తా ఉండారు. మన దగ్గర శుభ్రం తప్ప ఏముండాది? అదీ పోతే మనం కూడా గుంపే."

ఆ మాట నాకు నచ్చింది. పుస్తకాల్లో చదివిన మాటలా అనిపించింది. ఇప్పటికీ అందులో తప్పు పట్టలేను.

తనిఖీకి నీళ్లు లేవు. తార్నాకలో మా అక్క ఎల్లమ్మ ఇల్లుంది, చేదబావి ఉన్న ఇల్లు, చౌరస్తాకు సందుల్లోంచి నడిస్తే పావుగంట. సుబేదారు మేజరుతో మాట్లాడి అనుమతి ఇప్పించాడు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా నేను అక్కడ బండి కడుక్కోవచ్చు. ఆ గంట విశ్రాంతి కాదు. పిలుపు వస్తే వెంటనే కదలాలి. ఎక్కడున్నానో ఆవరణలో అందరికీ తెలుసు.

కడిగేందుకు మురికి తక్కువ ఉండేది కాదు. మూడో రోజు చౌరస్తా పక్క రోడ్డులో బస్సు తగలబడుతుంటే దాని పక్క నుంచి పోయాను. కరిగిన టైరు రబ్బరు చక్రాలకు అంటుకుని గట్టిపడింది. అయిదో రోజు సీతాఫల్‌మండి వైపు మలుపులో ఎవరో రోడ్డుకు అడ్డంగా ఇనుప తీగ కట్టారు, మెడ ఎత్తున. పొద్దు కంట్లో పడుతోంది. ఆఖరి క్షణంలో మెరుపు చూసి ట్యాంకు మీదికి వంగాను. తీగ టోపీని ఎగరగొట్టింది. దాని పట్టీ నా గదవ మీద చర్మం ఊడబెరికింది. ఆగకూడదన్నది ఆజ్ఞ. ఆగలేదు. ఎనిమిదో రోజు ఆవరణ గేటు దగ్గర లాఠీ దెబ్బలు తింటూ ఒక కుర్రాడు బండి ముందే పడ్డాడు. బ్రేకు వేశాను. అతని చేతి వేళ్లకు ముందు చక్రం జానెడు దూరంలో ఆగింది. అతను పైకి చూసి, "పోరాదు, ఎక్కియ్యి," అన్నాడు. అతని నోట్లో ముందు పళ్లు లేవు. చక్రం పక్కకు తిప్పి పోయాను.

ఇవన్నీ సాయంత్రానికి బండి మీద ఉండేవి. గాజు ముక్కలు, మసి, ఎండిన నెత్తురు చుక్కలు. అయిదు గంటలకు ఒక్కటీ ఉండేది కాదు.

*

కడగడం ఒక వరస ప్రకారం చేసేవాణ్ణి. ముందు రెండు చేదల నీళ్లు పైనుంచి పోసి దుమ్ము నాననివ్వాలి. తర్వాత కుంకుడు నురుగులో కొబ్బరి పీచు ముంచి మడ్‌గార్డులు. చువ్వలు ఒక్కొక్కటి గుడ్డతో. చైనుకు కిరసనాయిలు, పాత పళ్లు తోమే బ్రష్షు. ఇత్తడికి చింతపండు. చివర బావగారి పాత పంచె ముక్కతో ట్యాంకు. గుండ్రంగా రుద్దకూడదు, గీతలు పడతాయి. నిలువుగా, ఒకే వైపుకి. మన ముఖంలో కనుబొమలు లెక్కపెట్టగలిగినప్పుడు ఆపాలి.

అక్క గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ చూసేది.

"ఏంది తమ్మీ, చిన్నప్పుడు ఇంట్ల బిందె ఒక్కటన్న గిట్ల తోమినవా? ఈ బండికి పుస్తె కట్టరాదు, అయిపోతది."

"బిందెను సుబేదారు చూడడు గదక్కా."

ముందు గదిలో నర్సింలు అద్దెకు ఉండేవాడు. నల్లగొండ జిల్లావాడు, ఎం.ఏ. చదువుతున్నాడు, చదువు మానేసి రోజూ ఊరేగింపుల్లో ఉండేవాడు. నేను ఆ యూనిఫాంతో ఆ ఇంటికి వెళ్లిన మొదటి రోజు అతను తలుపు వేసుకున్నాడు. రెండో రోజు మెట్టు మీద కూర్చున్నాడు. మూడో రోజు చొక్కా పైకెత్తి వీపు చూపించాడు. లాఠీ వాతలకు ఆముదం రాసుకున్నాడు.

"సిపాయన్నా, నీ బండే గాదు, నా వీపు గూడ మెరుస్తున్నది. సూడు, ముఖం కనబడ్తదేమో."

నేను చదువుకుంటూ సంచిలో పెట్టుకున్న పుస్తకం తీసి అతని పక్కన పెట్టాను. అర్థం కాని పేజీలో అగ్గిపుల్ల పెట్టుకున్నాను. అతను తీసి చూసి ఆ పేజీ మొత్తం చదివి చెప్పాడు. అప్పటి నుంచి రోజూ అంతే. నేను కడిగేవాణ్ణి, అతను చదివేవాడు. చదువు చెప్పినందుకు ఏమివ్వాలని అడిగితే, "మమ్ముల కాల్చకు, చాలు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

పక్కింట్లో సుబ్బారావు గారు ఉండేవారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి స్థిరపడినవారు. గొడవలు మొదలవగానే భార్యాబిడ్డల్ని రైలెక్కించి పంపేశారు. గేటుకున్న పేరు పలక తీసి లోపల పెట్టుకున్నారు. సందులో ఎవరి అడుగులు వినిపించినా ఆయన కిటికీ రెక్క మూసుకునేది. ఒకరోజు నర్సింలు ఆ గేటు దగ్గర నిలబడి కిటికీకి చెప్పాడు.

"సార్, బోర్డు మళ్ల పెట్టుకోండ్రి. మా లొల్లి సర్కారుతోటి, మీతోటి గాదు. ఈ గల్లీల మిమ్ముల ఎవడన్న ముట్టుకుంటే నన్నడుగుండ్రి."

మర్నాడు పలక గేటుకు ఉంది. ఆ సాయంత్రం సుబ్బారావు గారు గోడ మీది నుంచి నాకు దినపత్రిక అందించారు.

"తీసుకోండి బాబూ. చదవడానికి కాదులెండి, అందులో ఏముందో మీరు కళ్లారా చూస్తూనే ఉన్నారుగా. మీ బండి కింద పరుచుకోండి."

అప్పటి నుంచి ఆయన పత్రిక మీదే నా పనిముట్లు పరిచేవాణ్ణి.

*

ఆ రోజు ఉదయం తనిఖీలో సుబేదారు రుమాలు కొత్త చోటికి పోయింది. కార్బురేటర్ అడుగుకు. నలుపు బొటనవేలంత వచ్చింది. ఆయన కోప్పడలేదు. రుమాలు మడిచి నా చొక్కా జేబులో పెట్టాడు.

"రేప్పొద్దున ఇదే చోట తుడస్తా. తెల్లగా రాకపోతే ఈ బండి ఇంకొకనికిస్తా. నీకు వంటశాలలో గరిటె ఇస్తా."

రోజంతా ఆ రుమాలు నా జేబులో ఉంది. మైదానం చుట్టూ తోయించి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నాలుగింటికి అక్క ఇంటికి చేరాను. ఎండ గోడల మీద తెల్లగా ఉంది. గాలి లేదు. చౌరస్తా వైపు నుంచి జనం హోరు వినిపిస్తోంది. కార్బురేటర్ అడుగును గుడ్డతో చేరుకోలేం. విప్పితేనే శుభ్రం అవుతుంది. విప్పకూడదన్న ఆజ్ఞ నాకు గుర్తుంది. ఇరవై నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. నాలుగూ అయిదుకు విప్పడం మొదలుపెట్టాను. విప్పిన వరసలోనే ముక్కలన్నీ పత్రిక మీద పరిచాను.

నాలుగూ పదికి నర్సింలు బయటికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో చిన్న జెండా. వంగి చూశాడు.

"ఏందన్నా, పేగులన్ని బయటకు తీసినవ్? మా వార్త మీదనే పెట్రోల్ పోస్తివి."

"నీ వార్త ఏడుందో చూడలే."

"చౌరస్త కాడ ఉన్నది. పొయ్యొస్త. వచ్చేటాల్లకు జోడించు, లేకపోతె నీ సుబేదారు నీ పేగులు తీస్తడు." గుమ్మం వైపు తిరిగాడు. "యెల్లక్కా, చాయ పెట్టి ఉంచు."

"చీకటి పడకముందే రా," అంది అక్క.

నాలుగూ ఇరవై నాలుగుకు సైకిల్ ఆర్డర్లీ కొమురయ్య వచ్చాడు. వరంగల్లు వైపు వాడు, నా కంటే చిన్నవాడు. బావి గోడ అవతల సైకిలు దిగకుండానే కవరు చాపాడు. దాని మీద ఎర్ర గీత.

"అన్నా, గిది నీ చేతికే ఇయ్యమన్నడు మేజర్ సాబ్. కాల్చొద్దని రాసిండ్రట. మన ప్లాటూన్ అయిదింటి లోపల వచ్చి చౌరస్త తీసుకుంటదట. గాడ జనం బాగ జమైండ్రు, ఆ దళపోళ్లు తుపాకులు పట్టుకుని నిలబడ్డరట. జల్ది పోవాలె."

బండి నాకు, అతనికి మధ్య అడ్డంగా ఉంది. విప్పిన వైపు నా వైపు. అతనికి మెరిసే ట్యాంకు తప్ప ఏమీ కనబడదు.

"పోతవా, లేక నేను ఉర్కనా?" అన్నాడు. "సైకిలు గీడ పారేసి సందుల పొంటి పోతె ఎనిమిది నిమిషాల్ల చేరుకుంట."

ఇప్పుడు ఆలోచిస్తే దానికి ఒక్కటే జవాబు. ఉరుకు అనాలి. అంటే బండి విప్పానని తెలుస్తుంది. కొమురయ్య చెడ్డవాడు కాదు, కాని అడిగితే దాచడు. బండి పోతుంది, గరిటె వస్తుంది. నేను ఇదంతా లెక్క వేయలేదు. లెక్క వేసేంత సేపు పట్టలేదు. నోటికి వచ్చేసింది.

"అక్కర్లే. బండి తయారే ఉన్నది. నువ్వు వాపస్ నడువు."

అతను సైకిలు తిప్పుకుని పోయాడు. అక్క బియ్యం చేటను కింద పెట్టింది. నా ముఖంలోకి చూసింది.

ముక్కలు జోడించడం మొదలుపెట్టాను. రబ్బరు రింగు తలకిందులుగా పెట్టాను. మళ్లీ తీశాను. అడుగు మూతకు రెండు ఇత్తడి మరలు. ఒకటి బిగించాను, రెండోది కనబడలేదు. ఒకదానితోనే కానిచ్చాను. కిక్కు కొట్టాను. పలకలేదు. ప్లగ్గు తడిసింది. తీసి తుడిచాను, సుబేదారు రుమాలుతో. మళ్లీ కిక్కు. ఇంజను అందుకునేసరికి నా గడియారంలో నాలుగూ ముప్పై తొమ్మిది.

పదిహేను నిమిషాలు.

ఆ సందుల్లో బండి పట్టదు. నేరుగా పోయే రోడ్డును టైర్లు కాల్చి మూసేశారు. రైలు పట్టాల వైపు నుంచి చుట్టు తిరిగి పోవాలి, ఎనిమిది నిమిషాల దారి. మూత లీకై పెట్రోలు కుడి బూటు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. పట్టాల పక్క మలుపు తిరుగుతున్నప్పుడు మొదటి మోత విన్నాను. తర్వాత వరసగా. అన్నీ కలిపి పన్నెండు. లెక్కపెట్టాను. అది సైన్యం నేర్పిన అలవాటు. నాలుగూ నలభై ఒకటి.

కొమురయ్య పరుగెత్తి ఉంటే నాలుగూ ముప్పై రెండుకు చేరేవాడు.

*

నేను చేరేసరికి చౌరస్తాలో ఎవరూ నిలబడి లేరు, ఆ దళం తప్ప. రోడ్డు నిండా చెప్పులు. ఒక సైకిలు పక్కకు పడి ఉంది, దాని వెనక చక్రం వంగిపోయింది. బాష్పవాయువు పొగ నేల మీద పాకుతోంది. ఒక ముసలాయన దుకాణం మెట్ల మీద కూర్చుని మోకాలును రెండు చేతులతో నొక్కుకుంటున్నాడు, వేళ్ల సందుల నుంచి నెత్తురు మెట్ల మీదికి దిగుతోంది. ఒకతను రోడ్డు మధ్యలో బోర్లా పడి ఉన్నాడు. అతను కదలడం లేదు. ఇద్దరు ఆడవాళ్లు అతని కాళ్లు పట్టుకుని నీడలోకి లాగుతున్నారు. అతని తల తారు మీద గీత గీస్తోంది.

దళ నాయకుడికి కవరు ఇచ్చాను. విప్పి చదివాడు. నా వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు.

"ఇంత సేపా?" అన్నాడు.

తెల్ల చొక్కా కనబడింది. ప్రహరీ గోడకు వీపు ఆనించి నర్సింలు కూర్చున్నాడు. చొక్కా బొడ్డు దగ్గర నుంచి కిందికి తెలుపు లేదు. అతని పక్కన మోకాళ్ల మీద సుబ్బారావు గారు. ఆఫీసు నుంచి వస్తూ మధ్యలో చిక్కుకున్నారు. తన పైకండువా మడిచి నర్సింలు పొట్టకు అదిమిపట్టారు. కండువా నిండిపోయింది.

"బండి ఎక్కించండి బాబూ," అన్నారు. "మీరు పోనివ్వండి, నేను వెనక కూర్చుని పట్టుకుంటాను."

వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. ఆ ఆజ్ఞను కూడా ఆ రోజే తప్పాను, దానికి మాత్రం విచారం లేదు. నర్సింలును ట్యాంకు మీద, నా రెండు చేతుల మధ్య కూర్చోబెట్టాం. సుబ్బారావు గారు వెనక నుంచి నన్ను చుట్టి అతన్ని పట్టుకున్నారు. నర్సింలు తల నా గదవ కింద ఉంది. టోపీ పట్టీ ఒరిసిన చోట అతని జుట్టు తగులుతోంది. అతని నెత్తురు ట్యాంకు మీద నుంచి ఇంజను మీద పడి కాలుతోంది. ఆ వాసన గురించి రాయను.

ఆసుపత్రి మలుపుకు ముందు అతను మాట్లాడాడు. మామూలుగానే, మెట్టు మీద కూర్చున్నప్పటిలాగే.

"జోడించినవా అన్నా?"

కవరు సంగతి అతనికి తెలియదు. బండి గురించే అడిగాడు.

"ఎప్పుడో జోడించిన," అన్నాను.

"మంచిగ ఉర్కుతున్నది," అన్నాడు.

గేటు దగ్గర అతని తల బరువైంది. లోపలికి మోసుకెళ్లాం. డాక్టరు చేయవలసినంతా చేశాడు. అయిదూ పదికి సుబ్బారావు గారు బయటికి వచ్చి, చేతులు కడుక్కోకుండా నా పక్కన కూర్చున్నారు. తడిసిన కండువా ఆయన ఒడిలో ఉంది.

*

బండిని అక్క ఇంటికి తీసుకుపోయాను. ఎక్కడికి పోవాలో తెలియలేదు, చేతులు అటు తిప్పాయి. పొయ్యి మీద చాయ గిన్నె ఉంది. అక్క నన్ను చూసింది, బండిని చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత బావి దగ్గరికి పోయి చేద వేసింది. ఆమె పోసింది, నేను కడిగాను. వరస ప్రకారమే. పైనుంచి రెండు చేదలు, తర్వాత కుంకుడు నురుగు. నురుగు ఎర్రగా వచ్చింది, తర్వాత గులాబి రంగు, తర్వాత తెలుపు.

"తమ్మీ," అంది అక్క, చేద లాగుతూ, "ఆ సైకిలు పిలగాడు ఉర్కుతనన్నడు గద."

అంతే. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రాత్రే ఇంకో మర సంపాదించి అడుగు మూత బిగించాను. మర్నాడు ఉదయం ఆరున్నరకు సుబేదారు కార్బురేటర్ అడుగు తుడిచి చూశాడు. కొత్త రుమాలు. తెల్లగా వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత విచారణ. గుడారంలో బల్ల, బల్ల వెనక ఒక కర్నలు. ఆజ్ఞ ఎప్పుడు అందిందని అడిగాడు. నాలుగూ ఇరవై నాలుగు అన్నాను. ఎప్పుడు బయలుదేరావు? అందిన వెంటనే. చుట్టు దారా? అవును. దారిలో అడ్డంకులా? అవును. కొమురయ్యను పిలిచారు. "బండి తయారే ఉన్నదని చెప్పిండు సార్," అన్నాడు. నిజమే చెప్పాడు.

కర్నలు లేచి బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద అరచేయి పెట్టాడు. అందులో తన ముఖం చూసుకున్నాడు.

"బండిని ఇలా ఉంచేవాడు ఆలస్యం చేయడు," అన్నాడు. "రాసుకోండి. దారి మూసుకుపోవడం వల్ల."

సుబేదారు నా వెనక నిలబడి ఉన్నాడు. బయటికి వచ్చాక నా భుజం తట్టాడు. ఆ రెండు దెబ్బలు ఇప్పటికీ భుజం మీద తెలుస్తాయి.

*

ఎండలు తగ్గాక మమ్మల్ని వెనక్కి పిలిచారు. ట్రక్కులు అదే చౌరస్తా మీదుగా పోయాయి. రాళ్లు పడలేదు. ఎవరూ మా వైపు చూడను కూడా లేదు. బయలుదేరే ముందు అక్క దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్లాను. ముందు గది తలుపుకు తాళం ఉంది. నర్సింలు నాన్న వచ్చి పెట్టె, పుస్తకాలు తీసుకుపోయాడట. నేనిచ్చిన పుస్తకం కూడా వాటితో పోయింది. అగ్గిపుల్ల ఏ పేజీలో ఉందో.

మెట్టు కింద, గోడ మూలన ఆ పత్రిక ఉంది. అక్క ఊడవలేదు. పెట్రోలు తడి ఎండి ముక్కలున్న చోటల్లా పసుపు గుర్తులు మిగిలాయి. వరసగా, విప్పిన క్రమంలో. మధ్యలో, ఒక గుర్తులో, రెండో ఇత్తడి మర. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. నా కళ్ల ముందే. కిరసనాయిలుతో తోమి, తుడిచి, ఎంత మెరిసేలా చేశానంటే అక్షరాల మధ్య ఎండ ముక్కలా కలిసిపోయింది.

నా జీవితంలో చాలా చూశాను, తర్వాత ఒక పెద్ద యుద్ధం కూడా చూశాను. కళ్లు మూసుకుంటే వచ్చేవి అవేవీ కావు. నర్సింలు వార్త మీద పడి ఉన్న ఆ మర వస్తుంది.

ఈ కాగితాలు రాయడానికి సాయపడినవారికి కృతజ్ఞతలు చెప్పాలి. బైండ్లు పై అర నుంచి దించి, విసుక్కోకుండా మళ్లీ పైకెక్కించిన గ్రంథాలయ సహాయకుడు యాదగిరికి. ఎనభై ఏళ్ల వయసులో నేను వెళ్లి నిజం చెబితే, "నేను ఉర్కేదుండె అన్నా, నిన్ను అడగకుండ," అని తన తప్పు లేని తప్పును నాతో పంచుకున్న కొమురయ్యకు. ఆ కండువాను ఉతికించకుండా బతికినంతకాలం దాచుకున్న సుబ్బారావు గారికి. నీళ్లు తోడి పోసి, ఒక్క మాట అడిగి, ఇక అడగకుండా ఉన్న మా అక్క ఎల్లమ్మకు. రాయమన్న నర్సింలు చెల్లెలు సులోచన గారికి.

చివరగా నర్సింలుకు. నువ్వు అడిగినదానికి ఆ రోజు సరిగా చెప్పలేదు. పదిహేను నిమిషాలు పట్టింది నర్సింలూ. ఒక మర మిగిలిపోయింది.